ఎంత దూరంలో నిలబడతారు?



మా కొత్తపేటలో ఒక ఫోటో పనికొస్తుందో లేదో ఫోటోగ్రాఫర్ల కంటే ముందు శిల్పులు చెప్పేస్తారు. కోనసీమ వాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో మా ఊరు తగులుతుంది. విగ్రహాలకి పేరున్న ఊరు. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ గారిది ఇక్కడే. కూడళ్లలో నిలబెట్టే నాయకుల విగ్రహాలే కాదండి, కాలం చేసిన నాన్నగారిదో తాతగారిదో విగ్రహం చేయించుకుని ఇంటి ముందు పెట్టుకునేవాళ్లు కూడా వెతుక్కుంటూ వస్తారు. ముందు బంకమట్టితో మనిషిని నిలబెడతారు. దాని మీంచి అచ్చు తీస్తారు. ఆ అచ్చులోంచి ఫైబరో కంచో బయటికొస్తుంది. ఇంత పనీ మొదలయ్యేది ఎవరో పట్టుకొచ్చిన ఒక ఫోటోతో.

ఆ ఫోటో ఒకప్పుడు పెళ్లి గ్రూపులో మూడో వరసలోంచి కత్తిరించిన ముఖం అయ్యుండేది. ఇప్పుడు మనవడు చెయ్యి చాపి తాతగారితో దిగిన సెల్ఫీ. శిల్పికి ఈ రెండోదే చిక్కు. పాత ఫోటో మసకగా ఉంటుంది గానీ కొలతలు సరిగానే ఉంటాయి. సెల్ఫీలో గెడ్డం మీద ప్రతి వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు, ముఖం మాత్రం ఆయనది కాదు. ముక్కు పెరిగిపోయి, చెవులు వెనక్కి దాక్కుని, నుదురు ముందుకి వచ్చేస్తుంది.

ఇందులో మాయ ఏమీ లేదు, చిన్న లెక్క ఉంది. మనిషి ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. కెమెరా ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవికి 52 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే చెవితో పోల్చితే ముక్కు 30 శాతం పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి తీయండి, ఆ తేడా 6 శాతానికి పడిపోతుంది, కంటికి ఆనదు. కెమెరా ఏ కంపెనీది, ఎన్ని మెగాపిక్సెళ్లది అన్నదానితో దీనికి పని లేదు. మీరు ఎక్కడ నిలబడ్డారు అన్న ఒక్కదాంతోనే పని.

ఈ వేళ నేను మాట్లాడవలసింది, లోపల అద్దం ఉండి లెన్సు మార్చుకునే వీలున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనుక్కోవాలా, జేబులో పట్టే చిన్న కాంపాక్ట్ కెమెరా కొనుక్కోవాలా అన్న సంగతి. ధనుర్మాసం మొదలయ్యేసరికి మా వైపు కుర్రాళ్లకి ఈ ప్రశ్న పుడుతుంది, సంక్రాంతికి దేవుణ్ని ఊరేగించే ప్రభలున్నాయి కదా మరి. వాళ్లు అడిగేది మెగాపిక్సెళ్ల గురించీ జూమ్ గురించీ. నేను ఎదురు అడిగేది ఒకటే: అబ్బాయ్, నువ్వు తీయబోయే మనిషికి ఎంత దూరంలో నిలబడతావు? దీనికి సమాధానం దొరికితే మిగతా సగం దానంతటదే తేలిపోతుంది.

అసలు ఈ ప్రశ్న ఇప్పుడు ఇంత చవగ్గా ఎందుకు అడగగలుగుతున్నామో కాస్త చెప్పాలి. ప్రపంచం మొత్తం మీద డిజిటల్ కెమెరాలు అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన సంవత్సరం 2010. ఆ ఏడాది కంపెనీల నుంచి 12 కోట్లకు పైగా కెమెరాలు బయటికి వెళ్లాయి. 2023 వచ్చేసరికి అది 80 లక్షల లోపుకి దిగింది. సెల్‌ఫోన్ ముందు చవక కాంపాక్టులను మింగింది. తర్వాత అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చి డీఎస్‌ఎల్‌ఆర్‌లని పక్కకి నెట్టాయి. కానన్, నికాన్ తమ పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లని ఆఖరుసారి 2020లో తెచ్చాయి. అందుకని పెళ్లిళ్లలో పని చేసి రిటైరైన డీఎస్‌ఎల్‌ఆర్‌లు, పుట్టినరోజు కానుకగా వచ్చి పది ఫోటోలు తీసి బీరువా ఎక్కినవి, అన్నీ పాత సామాను ధరకి దొరుకుతున్నాయి. చిన్న కాంపాక్టుల సంగతి తిరగబడింది. పట్నం పిల్లలకి ఇరవై ఏళ్ల కిందటి రంగులు, ఆ ఫ్లాషు వెలుగు మళ్లీ ముద్దొచ్చి, ఎవరికీ అక్కర్లేదనుకున్న బుల్లి కెమెరాలకి ధర పెరిగింది. మోజు మీద కొనేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. వాళ్ల డబ్బు, వాళ్ల సరదా.

లెక్క స్పష్టంగా ఉండాలని ఒకే ఏడు పుట్టిన రెండు కెమెరాలని తీసుకుంటాను. 2012లో నికాన్ వాళ్లు డీ3200 అనే డీఎస్‌ఎల్‌ఆర్ తెచ్చారు. అదే ఏడు సోనీ వాళ్లు ఆర్‌ఎక్స్100 అనే జేబు కెమెరా తెచ్చారు. ఒకటి 24 మెగాపిక్సెళ్లు, ఒకటి 20. అక్కడ పెద్ద తేడా లేదు. తూకంలో ఉంది. సోనీది బ్యాటరీతో కలిపి 240 గ్రాములు. నికాన్‌ది బ్యాటరీతో అరకిలో, దానికి కూడా వచ్చే మామూలు లెన్సు తగిలిస్తే ముప్పావు కిలో దాటుతుంది.

వెలుగు పడే పలక ఒకటి ఉంటుంది లోపల, సెన్సార్ అంటారు. డీ3200లో దాని వైశాల్యం సుమారు 357 చదరపు మిల్లీమీటర్లు. ఆర్‌ఎక్స్100లో 116. మామూలు చవక కాంపాక్టులో 28. పలక పెద్దదైతే పట్టే వెలుగు ఎక్కువ, చీకట్లో తీసిన బొమ్మలో ఇసక చల్లినట్టు వచ్చే చుక్కలు తక్కువ. ఇంతవరకూ కెమెరా కొన్న ప్రతివాడూ వినే ఉంటాడు. వినకుండా పోయేది దీని తర్వాతి సంగతి. పలక ఎంత పెద్దదైనా దాని మీదకి వెలుగు రావలసింది లెన్సు రంధ్రంలోంచే. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు ఇచ్చే 18-55 లెన్సు, వెడల్పుగా చూసే వైపున, ఎఫ్ 3.5 వరకే తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). ఆ చిన్న సోనీ ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. అంటే ఒకే చోటు మీద పడే వెలుగు దానికి దాదాపు నాలుగింతలు. పలక మూడో వంతే అయినా లెన్సు నాలుగింతలు ఇస్తోంది కాబట్టి, సాయంత్రం వేళ వీధి అరుగు మీద ఇద్దరూ వెడల్పు కోణంలో తీస్తే జేబు కెమెరా వెనకబడదు సరికదా ఒక వెంట్రుకవాసి ముందే ఉంటుంది.

ఈ లెక్క విని డీఎస్‌ఎల్‌ఆర్ మెళ్లో వేసుకున్న కుర్రాళ్లకి మొహం చిన్నబోతుంది. నిజానికి కూడా వచ్చిన లెన్సుతోనే డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాడు అనవసరంగా అరకిలో బరువు మోస్తున్నాడని నా అభిప్రాయం. ఆ బరువుకి అర్థం వచ్చేది దానికి 50 ఎమ్మెమ్, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనుక్కున్నప్పుడు. లెన్సుల్లో అన్నిటికంటే చవకైనవాటిలో ఇదొకటి, అరచేతిలో ఇమిడిపోతుంది. డీ3200 లాంటి కెమెరా మీద ఇది పాత ఫిల్ము లెక్కలో 75 ఎమ్మెమ్ లాగా పనిచేస్తుంది. మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడి, కెమెరా నిలువుగా పట్టుకుంటే, తల నుంచి నడుము దాకా చక్కగా వస్తుంది. శిల్పి అడిగే దూరం సరిగ్గా ఇదే. జేబు కెమెరా కూడా జూమ్ చేసి ఆ దూరం నుంచి తీయగలదు, కాదనను. కానీ జూమ్ చేసేసరికి దాని లెన్సు రంధ్రం ముడుచుకుపోతుంది. ఈ పనిలో డీఎస్‌ఎల్‌ఆర్ పలక మీద మొత్తంగా పడే వెలుగు పదిహేను రెట్లకు పైగా ఎక్కువ. ఇక్కడ పోటీయే లేదు.

అన్నట్టు, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని రేపే చేయండి. ఏ కెమెరా అయినా సరే, ఫోన్ అయినా సరే. నీడ పట్టున, గోడకి కాస్త ఎడంగా కూర్చోబెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, ఏటవాలుగా రెండు, తల వెనక నుంచి ఒకటి తీసి ఉంచండి. కళ్లజోడుతో, లేకుండా కూడా. కెమెరా వాళ్ల కంటి ఎత్తులో ఉండాలి, మీరు నిలబడి పై నుంచి తీయకూడదు. విగ్రహం కోసమని చెప్పకండి, బాధపడతారు. ఆధార్ కార్డులో ఫోటో బాగా రాలేదండి అంటే ఎవరూ కాదనరు.

సరే, దూరం నుంచి తీసే పనుల్లో మా సీమలో పెద్దది ప్రభల తీర్థం. మా కొత్తపేటలో సంక్రాంతి నాడు. కనుమ నాడు అంబాజీపేట మండలంలో, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కొలువుతీరతారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే, చాలామంది టీవీలో చూసే ఉంటారు. టీవీలో చూసినదానికీ చేలో నిలబడి చూసినదానికీ పొంతన ఉండదు. వెదురు బద్దలతో కట్టి, రంగు రంగుల గుడ్డలు, నూలు చుట్టి, గంటలు కట్టిన ప్రభ. మనిషికి మూడు నాలుగింతల ఎత్తు. దాన్ని భుజాల మీద ఎత్తుకుని 'అశ్శరభ శరభ' అంటూ పచ్చటి వరి చేలల్లోంచి పరిగెత్తుతారు. చేలో పంట తొక్కిడి పడుతుందని ఏ రైతూ అడ్డం పడడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక నదిలో దిగి, పీకల్లోతు నీళ్లలో మనుషులు మోస్తుండగా, ఒడ్డెక్కుతాయి.

ఆ ఒడ్డెక్కే క్షణం రెండు మూడు సెకన్లు. ఇక్కడ జేబు కెమెరా ఏం చేస్తుందో చూడండి. బటన్ నొక్కగానే లెన్సు మెల్లగా బయటికి వస్తుంది, తెర వెలుగుతుంది, రెండు సెకన్లు అందులోనే పోతాయి. పైగా అది పగటి పూట, నెత్తి మీద ఎండ. వెనక తెర మీద మీ మొహమే మీకు కనబడుతుంది తప్ప ప్రభ కనబడదు. మొదటి ఆర్‌ఎక్స్100కి కంటికి ఆనించుకుని చూసే కిటికీ లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం మీంచి వచ్చిన వెలుగు తిన్నగా కంట్లో పడుతుంది. ఎంత ఎండైనా, బ్యాటరీ అయిపోతున్నా, ఎదుట జరిగేది జరిగినట్టే కనబడుతుంది. స్విచ్ వేసి ఉంచితే చాలు, వేలు పడ్డ క్షణానికి బొమ్మ పడుతుంది. ఒక బ్యాటరీతో 500 పైచిలుకు ఫోటోలు వస్తాయి, చిన్నదానికి 300 దాటితే గొప్ప. చేలో చార్జింగ్ ఎక్కడ పెడతారు? ఈ తీర్థాలకి వెళ్లేవాడికి నేను మరో మాట లేకుండా పాత డీఎస్‌ఎల్‌ఆరే చెబుతాను. 55-200 గానీ 55-250 గానీ జూమ్ లెన్సు ఉంటే, గట్టు దిగకుండా, మోసేవాళ్లకి అడ్డం రాకుండా, భుజం కింద నలిగిన తువ్వాలు, ఆ మెడ నరాలు కూడా తీయవచ్చు. అడ్డం రాకపోవడం కూడా ఫోటోగ్రాఫర్ పనిలో భాగమే కదండీ. ఈ మధ్య ప్రభ ముందు వెనక్కి నడుస్తూ వీడియో తీసేవాళ్లు ఎక్కువయ్యారు, ఎప్పుడో ఎవరి కాలో విరుగుతుందని నా భయం.

రాత్రి బాణసంచా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానం. సంక్రాంతి రాత్రి మా ఊళ్లో వీధులు పోటీలు పడి కాలుస్తాయి. అందరూ పెద్ద కెమెరా కావాలనుకునేది దానికే, నిజానికి పెద్ద కెమెరా అక్కర్లేనిది కూడా దానికే. కావలసింది కదలని స్టాండు. ఐఎస్ఓ 100 పెట్టండి, రంధ్రం ఎఫ్ 8కీ 11కీ మధ్య, షట్టర్ రెండు నుంచి నాలుగు సెకన్లు. దూరంగా ఉన్న వీధి దీపం మీద ఒకసారి ఫోకస్ చేసి, ఆటో ఫోకస్ తీసేయండి. ఫ్లాషు ఆపేయండి, అది ఆకాశందాకా వెళ్లదు. స్టాండు మీద ఉండగా చెయ్యి వణుకు సరిచేసే మీట కూడా ఆపేయడం మంచిది. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడితే పొగ అవతలికి పోతుంది. మొదటి పది నిమిషాల్లోనే తీసుకోవాలి, తర్వాత ఆకాశమంతా పొగే. ఈ అంకెలన్నీ చేత్తో మార్చుకునే వీలున్న కాంపాక్ట్ అయితే, దానితో తీసిన బొమ్మకీ డీఎస్‌ఎల్‌ఆర్ బొమ్మకీ తేడా చెప్పడం నా వల్ల కాదు.

ఇక దగ్గర సంగతి. డొక్కా సీతమ్మ గారి పేరు విననివాళ్లు మా సీమలో ఉండరు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా ఆవిడకి ఆహ్వానం వస్తే, నేను వస్తే ఇక్కడ అన్నం ఎవరు పెడతారని వెళ్లలేదనీ, కనీసం ఫోటో అయినా తీసి పంపమని దొరలు అడిగితే దానికీ ఒప్పుకోలేదనీ, ఫోటో పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని అధికారి బతిమాలితే అప్పుడు సరేనన్నారనీ ఇక్కడ చెప్పుకుంటారు. ఆ కాలం స్టూడియో కెమెరా అంటే కర్ర పెట్టె, మూడు కాళ్లు, నల్ల గుడ్డ. వంటింటి పొగలోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, దాని ముందు కదలకుండా ఉండవలసి వచ్చింది ఆవిడకి. ఆ కథ విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆవిడ వడ్డిస్తుండగా తీసిన బొమ్మ ఒక్కటి ఉంటే ఎంత బాగుండేది అని. ఆ కర్ర పెట్టెతో అలా తీయడం కుదిరేది కాదు.

ఇప్పుడు కుదురుతుంది. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఆడవాళ్లని చూడండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక వాళ్ల దగ్గరికి కెమెరాల తాకిడి పెరిగింది. బోర్లించిన కుండ కింద మంట. పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, అవతలి మనిషి కనబడేంత పల్చటి రేకు లేస్తుంది. చిన్న గది, సగం చీకటి, పొగ. అక్కడికి పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకెళ్లి కూర్చుంటే ఆవిడ ముందు పైట సర్దుకుంటుంది, తర్వాత నవ్వుమొహం పెడుతుంది, పని చెయ్యి ఆగిపోతుంది. అద్దం లేచి పడే 'టక్' మన్న శబ్దం వినబడిన ప్రతిసారీ తలెత్తి చూస్తుంది. జేబు కెమెరాకి ఆ శబ్దం లేదు. మాటల మధ్యలో, మోకాలి మీద పెట్టుకుని తీయవచ్చు. అడిగే తీయాలి సుమండీ, దొంగచాటుగా అని నేను అనడం లేదు. అడిగి, ఒప్పుకున్నాక, ఆవిడ కెమెరా సంగతి మరిచిపోవాలి. మరిచిపోయేట్టు చేయడంలో చిన్న కెమెరాదే పైచేయి. పైగా గది ఇరుకు, వెనక్కి జరగడానికి చోటుండదు, వెడల్పుగా చూసే ఎఫ్ 1.8 లెన్సే అక్కడ అక్కరకొస్తుంది. ఇందాకటి వెలుగు లెక్క గుర్తుందా, అది సరిగ్గా ఈ గదికే.

సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు ఎక్కినా ఇదే. పక్కన నిలబడ్డ మనిషికీ మీకూ మధ్య మూరెడు జాగా, మోటారు సైకిళ్లు, గంపలు. మెళ్లో పెద్ద లెన్సు వేలాడుతుంటే మీరు ఏ టీవీ అండీ అని అడుగుతారు. ఫోన్ ఉందిగా, ఈ జేబు కెమెరా ఎందుకు అంటారా? దగ్గరగా, వెడల్పుగా, వెలుగున్న చోట తీసేదంతా ఫోన్ చేస్తుంది, ఒప్పుకుంటాను. మంచి ఫోన్ ఉన్నవాడు, ఆ సోనీలో ఉన్న అంగుళం సెన్సార్ కన్నా చిన్నదైన కాంపాక్ట్ కొనడం దండగ. ఫోన్ చేసే పోర్ట్రెయిట్ మసక మాత్రం లెక్క కట్టి పులిమేది, కళ్లజోడు అంచు దగ్గరా, ముంగురుల దగ్గరా బయటపడిపోతుంది. ఇంకోటి, ఫోన్‌తో తీస్తుండగా ఫోన్ వస్తుంది.

వీడియో విషయం రెండు ముక్కల్లో. వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ 2008లో వచ్చిన నికాన్ డీ90. ఆ తరం కెమెరాల్లో కొన్ని వీడియో తీస్తుండగా తమంతట తాము ఫోకస్ చేయనే చేయవు, చేసేవి వెతుక్కుంటూ అటూ ఇటూ ఊగుతాయి. వీడియో ముఖ్యమైతే పాత డీఎస్‌ఎల్‌ఆర్ వద్దు.

దూరం తేలాక అడగవలసిన రెండో ప్రశ్న, తీయని రోజుల్లో కెమెరా ఎక్కడ ఉంటుంది? ఇది హైదరాబాద్ వాళ్లకి అంత పట్టదు, మనకి పడుతుంది. చుట్టూ గోదావరి పాయలు, కాలువలు, బోదెలు, కొబ్బరి నీడ. ఆషాఢం నుంచి కార్తీకం దాకా బీరువాలో పట్టుచీరకే బూజు పడుతుంది, లెన్సుకి పట్టదా? గాలిలో తేమ 60, 70 శాతం దాటి నిలబడిపోతే లెన్సు గాజు మీద ఫంగస్ మొదలవుతుంది. సన్నటి తెల్లటి పోగులు, కొమ్మలు చీలుకుంటూ పాకుతాయి. ముదిరితే గాజు మీది పూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాయడం అన్నిటికంటే చెడ్డ జాగ్రత్త, తోలు తేమని పట్టి ఉంచుతుంది. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా కూడా వద్దు, తవుడు దుమ్ము లెన్సు సందుల్లోకి పోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, అంతే పని. గింజల రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆ వేడి చేసే పెనం మాత్రం వంటకి వాడకండి, నీలం రంగు గింజల్లో ఉండే కోబాల్ట్ మంచిది కాదు. వారానికి ఒకసారి బయటికి తీసి గాలీ వెలుగూ తగలనిస్తే ఇంకా మంచిది.

ఫంగస్ పట్టినప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ వాడు లెన్సు ఒక్కటి పారేస్తాడు, కెమెరా ఒళ్లు నిలుస్తుంది. సెన్సార్ మీద దుమ్ము పడితే శుభ్రం చేయించుకుంటాడు. జేబు కెమెరాలో లెన్సు, సెన్సార్ అన్నీ ఒకే పెట్టె. లెన్సు లోపలికి బయటికి కదిలినప్పుడల్లా గాలితో పాటు దుమ్మునీ పీల్చుకుంటుంది. అంతర్వేది ఒడ్డునో ఓడలరేవులోనో ఒక్క ఇసక రేణువు ఆ గొట్టం సందులో ఇరుక్కుంటే లెన్సు సగంలో ఆగిపోతుంది, తెర మీద లెన్స్ ఎర్రర్ అని పడుతుంది. బాగు చేయించే ఖర్చుకి ఇంకోటి వస్తుంది. అయితే జేబు కెమెరా రోజూ జేబులో తిరుగుతుంది కాబట్టి దానికి ఫంగస్ పట్టే తీరిక తక్కువ. ఏడాదికి ఒక సంక్రాంతికి తీసే డీఎస్‌ఎల్‌ఆర్‌కే ఆ జబ్బు. మీరు ఏ రకమో మీకే తెలియాలి. సముద్రం ఒడ్డుకి వెళ్లే అలవాటుంటే డీఎస్‌ఎల్‌ఆర్, అక్కడ లెన్సు మార్చకుండా. రోజూ బస్సులో రాజమండ్రి వెళ్లొచ్చే ఉద్యోగమైతే జేబుది.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ అనే నిర్ణయానికి వచ్చారనుకోండి, కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. ఈ చిన్న రకం నికాన్, కానన్ ఒళ్లకి లక్ష సార్ల వరకు భరోసా అని కంపెనీలు చెప్పుకున్నాయి. నికాన్‌లో ఆ అంకె ప్రతి ఫోటో ఫైలులోనూ దాగి ఉంటుంది, చదివే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. చాలా కానన్‌లలో అలా బయటపడదు. పెళ్లిళ్లకి తిరిగిన కెమెరా అయితే అంకె చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది, వేలు పెట్టే చోట రబ్బరు నున్నబడి ఉంటుంది. నికాన్ డీ3000, డీ5000 వరసల్లో ఒంట్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సులు కొనాలి, పాత ఏఎఫ్-డీ రకం తగిలిస్తే చేత్తో తిప్పుకోవాలి. డీ90, డీ7000 అయితే ఈ రెండు రకాలూ సరే. కానన్‌లో ఈ గొడవ లేదు, 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులన్నీ పడతాయి.

తర్వాత లెన్సు విప్పి చేతిలోకి తీసుకోండి. రంధ్రం పూర్తిగా తెరిచి, సెల్‌ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు నాలుగు కనబడితే పట్టించుకోకండి, పాకిన పోగులు కనబడితే ఆ లెన్సు వదిలేయండి, దాన్ని ఇంటికి తెచ్చి మిగతా లెన్సులతో పాటు డబ్బాలో పెట్టుకోవడం కూడా మంచిది కాదు. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి, సెన్సార్ మీద దుమ్ము మచ్చలుగా బయటపడుతుంది. మూత మూసి పది సెకన్ల షట్టర్‌తో ఒకటి తీయండి, నల్లటి బొమ్మలో ఎర్ర, తెల్ల చుక్కలు మెరుస్తున్నాయేమో చూడండి. బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టి తిప్పండి, ఉబ్బిందైతే గిర్రున తిరుగుతుంది. అసలు చార్జర్ ఉందా అని అడగండి. ఇవన్నీ అయ్యాక, కూడా వచ్చిన 18-55 లెన్సు వాళ్లనే ఉంచుకోమని, ఆ ఒళ్లు మాత్రం ఎంతకిస్తారని అడగండి. తగ్గించిన ఆ డబ్బుకి ఇంకొంచెం వేసి 50 ఎమ్మెమ్ కొనుక్కోండి.